మందుల కిటికీకి కాస్త దూరంగా

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

మందులిచ్చేవాళ్ళు తమతో ఎలా మాట్లాడుతున్నారో రోగులనే అడిగి లెక్కకట్టే ప్రాజెక్టు తీసుకున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. 34 ఏళ్ళు మందుల కిటికీ వెనక నిలబడ్డవాణ్ణి, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం దిగులు.

ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి ముందే తీసుకో. ప్రశ్నలను తెలుగులోకి, ఒడియాలోకి మార్పించాక, అసలు ప్రతి చూడని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి రాయించి, అసలుతో పోల్చి చూడు. ప్రశ్నలన్నీ ఒకే సంగతిని కొలుస్తున్నాయో లేదో చెప్పే అంకె, క్రాన్‌బాక్ ఆల్ఫా, 0.7 దాటిందో లేదో మీ గైడు చూస్తారు. ఇవి నీకు తెలిసినవే.

పాతికేళ్ళ కిందట నేనూ ఇలాంటి పనే చేశాను. తెల్లకోటు వేసుకుని, మందులిచ్చిన చేత్తోనే కాగితం పట్టుకుని "అర్థమయ్యేలా చెప్పానా?" అని అడిగాను. అందరూ "బాగా చెప్పారు బాబూ" అన్నారు. మురిసిపోయాను. వాళ్ళలో ఒక సవర తెగ పెద్దావిడ ఉంది. ఆయాసానికి పొడి పీల్చే పరికరం, అందులో వేసే క్యాప్సూళ్ళు ఇచ్చి, తెలుగులో గబగబా చెప్పేశాను. తలూపింది. పది రోజులకు మనవడి భుజం పట్టుకుని రొప్పుతూ వచ్చింది. సంచిలోంచి తీసిన పరికరం అట్టపెట్టెలో కొత్తగానే ఉంది. క్యాప్సూళ్ళన్నీ నీళ్ళతో మింగేసింది. ఆ సాయంత్రం ఆమె కాగితం వెతికాను. అన్ని గడుల్లోనూ పూర్తి మార్కులు. సిరా ఆరకముందే మడిచేశానేమో, వేలిముద్ర ఎదుటి పేజీలోనూ అంటుకుని ఉంది.

ఆమె అబద్ధం ఆడలేదమ్మా. మళ్ళీ నా కిటికీకే రావాలి కదా, నా ముఖం మీద అర్థం కాలేదని ఎలా అంటుంది?

అందుకే మందిచ్చినవాళ్ళను అడగనివ్వకు. నువ్వూ కోటు తీసేసి, కిటికీకి దూరంగా కూర్చో. "బాగా చెప్పారా" అనే ప్రశ్న కొట్టెయ్యి. ముఖం చూసి మాట్లాడారా, మీరు అడిగేదాకా ఆగారా, జబ్బు సంగతి పక్కవాళ్ళకు వినబడిందా అని అడుగు. మధ్యలో "హడావుడిగా పంపేశారు" వంటి ఎదురు మాటలు కలుపు. అన్నిటికీ అవుననేవాళ్ళు అక్కడ తేలతారు. లైకర్ట్ గారి అయిదు మెట్లు, అంటే "అస్సలు కాదు" నుంచి "పూర్తిగా అవును" దాకా ఉండే జవాబులు, నోటితో చెబితే కొందరికి అందవు, అయిదు చింతగింజలు ముందు పెట్టు. మందు ఎలా వాడతారో చేసి చూపించమను. అది వేరే లెక్క, అభిప్రాయం మార్కులతో కలపకు.

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే బడి పాఠాలు చెబుతూ సవర నేర్చుకుని, ఆ భాషకు నిఘంటువు కట్టారు. అవే వీధుల్లో బతికిన నేను "పీల్చు" అన్న ఒక్క మాట నేర్చుకోలేదు. సవర తెలిసిన ఆడమనిషిని వెంట పెట్టుకో. ఆడవాళ్ళ బదులు భర్తలో కొడుకులో జవాబు చెబితే రాసుకోకు.

ఎవరైనా మందు తప్పుగా వాడుతున్నట్టు కనబడితే, ప్రశ్నలు పూర్తికాగానే అక్కడికక్కడే సరిచేసి పంపు. లెక్క పాడవుతుందని ఊరుకున్నావో, నేను ఊరుకోను.

గుణుపురం వెళ్ళిన రోజు చీకటి పడకముందే బస్సెక్కు తల్లీ. చేరగానే ఫోను చెయ్యి.

మీ పెదనాన్న