పరుసవేదిని ఆటలోకి తెచ్చే ముందు

తమ్ముడూ,

బల్ల చుట్టూ కూర్చుని, తలో పాత్ర వేసుకుని, డైస్ వేస్తూ కథ నడిపే ఆట కోసం నువ్వు రాసి పంపిన పద్నాలుగు రసవాద వస్తువులూ నిన్న చదివాను. మారతహళ్లి బ్రిడ్జి దగ్గర క్యాబ్ గంటసేపు కదల్లేదులే, సగం అక్కడే అయిపోయాయి. పేర్లు బాగా పెట్టావు. కానీ పదకొండు వస్తువులు చేసే పని ఒక్కటే: సీసా విసురు, డైస్ వెయ్యి, ఎదుటివాడి హిట్ పాయింట్లు (ప్రాణం ఎంత మిగిలిందో చెప్పే లెక్క) తగ్గించు. ఒకటి ఎర్ర సీసా, ఇంకోటి పచ్చ సీసా, అంతే తేడా.

ఇలాంటి ఆటల్లో పేరున్న డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో, అంటే 2014 నాటి రూల్స్‌లో, ఆల్కెమిస్ట్స్ ఫైర్ అనే మంట సీసాని మళ్లీ ఒకసారి చూడు. 50 బంగారు నాణేలు పోసి కొన్న సీసా, తగిలినవాడికి తన ప్రతి టర్న్ (వంతు) మొదట్లో నాలుగు ముఖాల డైస్ ఒక్కటి వేసినంత నష్టం. ఇంత ఖరీదుకి ఇదేనా అనిపిస్తుంది. కానీ మంట ఆర్పుకోవాలంటే వాడు ఆ వంతులో కొట్టడానికి వాడుకోవాల్సిన యాక్షన్ వదులుకుని, డెక్స్టెరిటీ చెక్‌లో, అంటే చురుకుదనానికి డైస్ వేసి చూసే పరీక్షలో, కనీసం 10 తెచ్చుకోవాలి. కాలుతూనే కొట్టాలా, కొట్టడం ఆపి ఆర్పుకోవాలా అని వాడు బుర్ర గోక్కుంటాడు చూడు, ఆ సీసా ఖరీదంతా అక్కడుంది.

ఇక నీ పరుసవేది. ఇనుముకి తాకిస్తే బంగారం అని ఒక్క లైను రాసి వదిలేశావు. నేనూ అదే తప్పు చేశాను. నాతో ఆడే మా వాళ్ల చేతికి ఇచ్చిన అరగంటకి కోట తలుపుల మేకులన్నీ పీకేశారు, రాక్షసుణ్ని గాలికొదిలేశారు, ఆట కాస్తా వైట్‌ఫీల్డ్‌లో సైట్ల రేట్ల మీదికి పోయింది. రోజుకి ఒక్కసారే పనిచేస్తుందని రూలు పెట్టొచ్చు, కానీ అది చప్పగా ఉంటుంది. లోహాన్నే అడుగు. బంగారం ఇనుముకంటే సుమారు రెండున్నర రెట్లు బరువు, పైగా మెత్తన. కత్తి సైజు మారకుండా బంగారమైతే, కిలోన్నర కత్తి మూడున్నర కిలోలు దాటుతుంది, గట్టిగా ఒక్క దెబ్బ కొడితే వంగిపోతుంది. ఇప్పుడు మీ దొంగ పాత్ర ఆ రాయిని శత్రువు కత్తికి తాకించాలని చూస్తుంది. దాని కోసం నువ్వు ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు!

పాదరసం సీసా మాత్రం ఉంచు, నాకు నచ్చింది. (రసం అని మాత్రం రాయకు, మా బల్ల దగ్గర అందరికీ చారే గుర్తొస్తుంది.) దాన్ని విషంలా వాడావు, అది ఎవరైనా చేస్తారు. నగరత్‌పేటలో ఏ కంసాలినడిగినా చెప్తాడు, పాదరసం తగిలితే బంగారు ఉంగరం తెల్లబడి పాడవుతుంది. ఇనుముని మాత్రం ఏమీ చెయ్యదు, అందుకే దాన్ని ఇనప సీసాల్లో పోసి పంపేవాళ్లు. అంటే రాజుగారి బంగారు కవచం పోతుంది, కాపలావాడి తుప్పు బల్లెం మిగులుతుంది. ఇంకోటి, లీటరు పాదరసం పదమూడున్నర కిలోలు. బ్యాగులో ఆరు సీసాలు పెట్టుకుని గోడ దూకుతానన్నవాడితో ముందు స్ట్రెంత్ చెక్ వేయించు.

మిగతా పన్నెండింటినీ ఇప్పుడే దిద్దుతూ కూర్చోకు, పక్కన పడెయ్. ఈ రెండింటికీ చెరో అరపేజీ రాసుకుని ఆదివారం మూడింటికల్లా మా ఇంటికి వచ్చెయ్. మా మేకుల బ్యాచ్ కూడా వస్తోంది, వాళ్ల చేతికిచ్చి చూద్దాం.

మీ అన్న