రిజైన్ చేయమని హెచ్‌ఆర్ అంటే ముందు ఏం అడగాలి, తర్వాత ఉద్యోగం ఎలా వెతకాలి?

మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇది. మాదాపూర్‌లో ఆరేళ్ల ఏడు నెలల సర్వీసు, సాఫ్ట్‌వేర్‌ను చేత్తో పరీక్షించే మాన్యువల్ టెస్టింగ్ పని. నెలకు లక్ష గ్రాస్, అందులో బేసిక్ 40 వేలు, ఇంటి లోన్ ఈఎంఐ 38 వేలు. శుక్రవారంలోగా మీ అంతట మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ ఇస్తామని, లేకపోతే టెర్మినేట్ చేస్తామని హెచ్‌ఆర్ అంటున్నారు. మీరేమో రెజ్యూమే ఎలా రాయాలని అడిగారు. దాని సంగతి వచ్చే వారం చూడొచ్చు. ముందు ఈ నాలుగు రోజుల్లో తేల్చుకోవాల్సినవి ఉన్నాయి, లాప్‌టాప్ అప్పగించాక వాటిలో సగం మీ చేతిలో ఉండవు. మనుషుల్ని తీసుకునే వైపు, పంపించే వైపు రెండింటా పనిచేసిన అనుభవంతో చెప్తున్నాను.

రిజైన్ చేయడం దానంతట అది తప్పేం కాదు. రేపు కొత్త కంపెనీ వెరిఫికేషన్‌లో చూసేది రిలీవింగ్ లెటరే. చిక్కు ఎక్కడంటే, మీరు "వ్యక్తిగత కారణాల వల్ల" అని ఒక్క లైన్ రాసి పంపితే కాగితం మీద అది మీరు మానేసినట్టే అవుతుంది. అప్పుడు నోటీసు పీరియడ్ బాధ్యత మీ మీద పడుతుంది, ఫైనల్ సెటిల్‌మెంట్‌లో నోటీసు రికవరీ పేరుతో మీకే కోత పెట్టిన సందర్భాలు ఉన్నాయి. హోమ్ లోన్‌తో పాటు ఉద్యోగం పోతే ఈఎంఐ కట్టే ఇన్సూరెన్స్ ఏదైనా తీసుకుని ఉంటే, అలాంటి పాలసీలు స్వచ్ఛందంగా మానేసినవాళ్లకు సాధారణంగా ఇవ్వవు. కాబట్టి మెయిల్‌లో ఇలా రాయండి: "ఫలానా తేదీన జరిగిన మీటింగ్‌లో కంపెనీ సూచించిన మేరకు రాజీనామా ఇస్తున్నాను. నోటీసు పీరియడ్ మాఫీ చేసి, నోటీసు జీతం, సెవరెన్స్ చెల్లిస్తామని మీరు చెప్పిన మొత్తాలను ధృవీకరించగలరు." సెవరెన్స్ అంటే పంపించేటప్పుడు కంపెనీ ఇచ్చే పరిహారం. ఈ మెయిల్‌కి జవాబు వచ్చాకే పోర్టల్‌లో రాజీనామా బటన్ నొక్కండి. నోటిమాటగా చెప్పినదాన్ని హెచ్‌ఆర్ మెయిల్‌లో పెట్టడానికి వెనకాడుతున్నారంటే, ఆ మాట నిలబడదని అర్థం.

శుక్రవారం అనే గడువు చూసి కంగారు పడొద్దు, అది ఎక్కువగా మిమ్మల్ని తొందరపెట్టడానికే. తెలంగాణలో అమలయ్యే దుకాణాలు, సంస్థల చట్టం ప్రకారం ఆరు నెలలు దాటిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వక నోటీసో, ఆ నెల జీతమో ఇవ్వాలి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో 60 లేదా 90 రోజులని ఉంటే దాన్నే అడగండి. సంతకం పెట్టమని ఇచ్చే సెపరేషన్ అగ్రిమెంట్ ఇంటికి తెచ్చుకుని చదవండి. అందులో మూడు చోట్ల ఆగాలి. జాయినింగ్ బోనస్‌నో, రిటెన్షన్ బోనస్‌నో వెనక్కి తీసుకునే షరతు ఉందా? చెల్లింపు తేదీ రాశారా, లేక "ప్రక్రియ ప్రకారం" అని వదిలేశారా? "ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు" అనే వాక్యం, ఇన్నేళ్ల సర్వీసుకు కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీని కూడా మింగేస్తోందా? ఒప్పుకోకుండా మొండికేస్తే కార్మిక శాఖకు వెళ్లొచ్చు. కార్యాలయం ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌లో ఉంది. ఆ మాట మెయిల్‌లో మర్యాదగా ప్రస్తావిస్తేనే చాలాసార్లు పని జరుగుతుంది.

ఇక లెక్కలు. ఐదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ మీ హక్కు, రిజైన్ చేసినా వస్తుంది. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కిస్తారు, అంటే మీకు ఏడేళ్లు. 40,000ను 15తో గుణించి, 26తో భాగించి, ఏడేళ్లకు లెక్కేస్తే 1,61,538 రూపాయలు. అయితే 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, ఆ దాటిన భాగం కూడా వేతనం కిందకే వస్తుంది. మీ గ్రాస్ లక్ష కాబట్టి లెక్క 40 వేల మీద కాకుండా 50 వేల మీద వేయమని అడగొచ్చు. అలా చూస్తే సుమారు 2,01,900. అడగకపోతే పాత లెక్కే వేసి పంపుతారు. అదే కోడ్‌లలో ఇంకో మాట కూడా ఉంది. ఉద్యోగి మానేసినా, తీసేసినా రావాల్సిన వేతనాన్ని రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. "45 రోజుల్లో సెటిల్ చేస్తాం" అన్నప్పుడు ఇది గుర్తు చేయండి. గ్రాట్యుటీకి మాత్రం 30 రోజుల గడువు ఉంటుంది. సెవరెన్స్ మీద మీలాంటివాళ్లకు సాధారణంగా జీతంలాగే పన్ను కోస్తారు, కాబట్టి హెచ్‌ఆర్ చెప్పిన అంకె చేతికి వచ్చే అంకె కాదు.

ఇవాళే చేయాల్సిన పని ఒకటుంది. పేరోల్ పోర్టల్ తెరిచి కనీసం ఏడాది పే స్లిప్‌లు, అన్ని సంవత్సరాల ఫారం 16లు, ఇంక్రిమెంట్ లెటర్లు, ఆఫర్ లెటర్ డౌన్‌లోడ్ చేసి మీ సొంత మెయిల్‌కి పంపుకోండి. పోర్టల్‌లోనూ, యూఏఎన్ (పీఎఫ్ ఖాతా నంబరు) లాగిన్‌లోనూ, లింక్డ్‌ఇన్‌లోనూ ఆఫీసు మెయిల్ ఉంటే సొంత మెయిల్‌కి మార్చండి. యాక్సెస్ పోయాక ఓటీపీ ఆఫీసు మెయిల్‌కే వెళ్తుంటే ఎంత తలనొప్పో చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు డాక్యుమెంట్లు, టెస్ట్ కేసులు, క్లయింట్ డేటా మాత్రం ఒక్క ఫైల్ కూడా పంపుకోవద్దు. అది దొరికితే సెవరెన్స్ ఆపేయడానికి కంపెనీకి మీరే సాకు ఇచ్చినట్టు.

పీఎఫ్ ముట్టుకోకండి. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ఉద్యోగం పోయినవాళ్లు 75 శాతం వెంటనే, మిగతాది 12 నెలల తర్వాత తీసుకునేలా ఉంది. నిజమే, కానీ అది చివరి దారి. ముఖ్యంగా పెన్షన్ భాగం తీసేస్తే, పెన్షన్ రావడానికి కావాల్సిన పదేళ్ల సర్వీసు లెక్క మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. ఇప్పటికే ఆరేళ్లు దాటారు, ఆ సర్వీసు పోగొట్టుకోవద్దు. కంపెనీ "డేట్ ఆఫ్ ఎగ్జిట్" వేయకుండా వదిలేస్తే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత యూఏఎన్ పోర్టల్‌లో మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్‌లో మీరే వేసుకోవచ్చు. ఆధార్‌కు లింకైన ఫోన్ దగ్గర పెట్టుకోండి. అక్కడ తేదీ తప్పు వేస్తే దిద్దించడానికి పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, రిలీవింగ్ లెటర్‌లో ఉన్న తేదీయే వేయండి.

హెల్త్ ఇన్సూరెన్స్ గురించి మీరు అడగలేదు. అమ్మానాన్నలు కూడా ఆఫీసు పాలసీలో ఉంటే ఇది చాలా ముఖ్యం. గ్రూప్ పాలసీ చాలా కంపెనీల్లో లాస్ట్ వర్కింగ్ డేతోనే ఆగిపోతుంది. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో వ్యక్తిగత పాలసీకి మైగ్రేషన్ (పాలసీ మార్పు) అడగండి, కవర్ ఆగకముందే దరఖాస్తు ఇవ్వండి. బీపీ, షుగర్ లాంటివాటికి ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ అలా చేస్తేనే కలిసివస్తుంది. గ్యాప్ వచ్చాక కొత్తగా కొంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు.

ఈఎంఐ విషయానికి వస్తే, ఒక్కటి కూడా బౌన్స్ కాకముందే బ్రాంచికి వెళ్లి మాట్లాడండి. టెన్యూర్ (లోన్ కట్టే గడువు) పెంచి ఈఎంఐ తగ్గించమనడం బౌన్స్ అయ్యాక కంటే ముందు సులువు. వరుసగా 90 రోజులకు మించి బాకీ పడితే ఖాతా మొండి బాకీ అవుతుంది. క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కడుతూ నెట్టుకురావద్దు, నెలకు మూడు నుంచి నాలుగు శాతం వడ్డీ పడుతుంది. ఇంట్లో ఇంకా చెప్పలేదన్నారు. ఇవాళ రాత్రే చెప్పండి. ఇంటి ఖర్చులో కోత మీ ఒక్కరివల్ల అయ్యే పని కాదు.

ఇక వెతుకులాట. హైదరాబాద్ ఐటీలో నోటీసు 60, 90 రోజులు ఉండటం మామూలు, అందుకే వెంటనే చేరగలిగేవాళ్లకు గిరాకీ ఉంది. నౌక్రీ సైట్‌లో మీ ప్రొఫైల్ హెడ్‌లైన్‌లోనే "ఇమ్మీడియట్ జాయినర్" అని, నోటీసు గడిలో లాస్ట్ వర్కింగ్ డే అని పెట్టండి. రిక్రూటర్లు ఇటీవల యాక్టివ్‌గా ఉన్నవాళ్లను ఫిల్టర్ చేసి చూస్తారు. అందుకని పొద్దున్నే లాగిన్ అయి చిన్న మార్పైనా సేవ్ చేయండి. జీతం గడిలో అబద్ధం వద్దు, పే స్లిప్‌లు అడుగుతారు. ఎందుకు మానేశారంటే ఒక్క వాక్యం చాలు: "టీమ్ తగ్గించారు, అందులో నా పోస్టు పోయింది." ఆ తర్వాత పాత కంపెనీని తిట్టడం మొదలుపెడితే ఇంటర్వ్యూ అక్కడే అయిపోతుంది.

మాన్యువల్ టెస్టింగ్ ఒక్కటే రాసి పంపితే కాల్స్ తక్కువే వస్తాయి, దాచడం ఎందుకు. ఈ రెండు నెలల్లో ఏపీఐ టెస్టింగ్ (ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోటును పరీక్షించడం) పోస్ట్‌మన్ టూల్‌తో, ఆటోమేషన్ (టెస్టులను కోడ్‌తో నడపడం) సెలీనియమ్ టూల్‌తోనో ప్లేరైట్‌తోనో మొదలుపెట్టండి. అమీర్‌పేటలో కోర్సు తీసుకుంటే ఫీజంతా ముందే కట్టకండి, రెండు డెమో క్లాసులు కూర్చున్నాక కట్టండి. సర్టిఫికెట్ కంటే మీరే రాసిన ఇరవై, ముప్పై టెస్టులు గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టుకునే సైట్) ఉంటే ఇంటర్వ్యూలో మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. లాగిన్ పేజీ టెస్టులతో ఆగొద్దు. పేమెంట్ మధ్యలో ఫెయిలైతే ఏం జరగాలి లాంటివి రాయండి, మీ ఆరేళ్ల అనుభవం అక్కడ కనిపిస్తుంది. రెఫరల్ అడిగేటప్పుడు "ఏమైనా ఉంటే చూడరా" అనకుండా జాబ్ ఐడీ, రెజ్యూమే, రెండు వాక్యాల పరిచయం కలిపి పంపండి. అవతలివాళ్లు అలాగే ఫార్వర్డ్ చేయగలగాలి.

బ్యాక్‌డోర్ ఉద్యోగమని, డిపాజిట్ అని డబ్బు అడిగే కన్సల్టెన్సీకి రూపాయి ఇవ్వొద్దు. ఆన్‌లైన్‌లో కట్టి మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఆటోమేషన్ అనుభవమని దొంగ సర్టిఫికెట్ పెట్టే ఆలోచన కూడా వద్దు. వెరిఫికేషన్‌లో యూఏఎన్ సర్వీస్ హిస్టరీ చూస్తే ఏ కంపెనీలో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నారో తెలిసిపోతుంది, చేరిన తర్వాత కూడా తీసేస్తారు.

ఆఫర్ తక్కువకు వస్తే సీటీసీ (కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు) అంకె కాకుండా ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడగొట్టి చూడండి. థర్డ్ పార్టీ పేరోల్ మీద, అంటే వేరే ఏజెన్సీ జీతం ఇచ్చే కాంట్రాక్ట్ అయితే పీఎఫ్ ఎవరు కడతారు, నోటీసు ఎన్ని రోజులు, పర్మనెంట్ చేసే మాట కాగితంలో ఉందా అని అడగండి. చేరాక పాత కంపెనీ ఆదాయ వివరాలు కొత్త పేరోల్ టీమ్‌కి ఇవ్వడం మర్చిపోవద్దు. ఇవ్వకపోతే ఇద్దరూ ఎవరికి వారు స్టాండర్డ్ డిడక్షన్, కింది శ్లాబులు లెక్కేసి తక్కువ పన్ను కోస్తారు. ఆ తేడా అంతా రిటర్న్ వేసే జూలైలో వడ్డీతో సహా మీ మీదే పడుతుంది.