శిక్ష ముగించుకున్న విద్వాంసుడు అమెరికా వెళ్ళదలిస్తే

ఆర్థిక మోసం కేసులో పడిన రెండున్నరేళ్ళ శిక్షను అడవివరం కేంద్ర కారాగారంలో పూర్తిచేసుకుని వచ్చిన విశాఖపట్నం వయొలిన్ విద్వాంసులొకరు, అమెరికాలో పాఠాలు చెప్పుకుంటూ, కచేరీలు చేసుకుంటూ బతకాలనుకుంటున్నానని, జైలు సంగతి వీసా దరఖాస్తులో రాయాలా వద్దా అని అడిగారు. అయ్యా, తప్పకుండా రాయండి.

అయితే మీకు మొదట ఎదురయ్యేది మన పాస్‌పోర్టు నిబంధనే. మోసం లాంటి, నైతిక పతనంతో కూడిన నేరానికి రెండేళ్ళకు తగ్గని శిక్ష పడినవారు ఐదేళ్ళలోపు దరఖాస్తు చేస్తే 1967 నాటి పాస్‌పోర్టుల చట్టం ప్రకారం నిరాకరిస్తారు. ఈ ఐదేళ్ళను విడుదలైన రోజు నుంచి కాక కోర్టు దోషిగా తేల్చిన రోజు నుంచి లెక్కిస్తారు కనుక, మీరింకా ఆగవలసిన కాలం మీరనుకుంటున్నంత ఉండకపోవచ్చు. మర్రిపాలెం పాస్‌పోర్టు కార్యాలయానికి వెళ్ళే ముందే తీర్పు నకలు, విడుదల పత్రం, జరిమానా రసీదు సిద్ధం చేసుకోండి. వేరే కేసు నడుస్తుంటే ఆ కోర్టు అనుమతి కూడా కావాలి.

వీసా దరఖాస్తులో ఎన్నడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని సూటిగా అడుగుతారు. క్షమాభిక్ష దొరికినా చెప్పవలసిందే. మోసం నేరం ప్రవేశానికి అడ్డే అయినా, తాత్కాలిక వీసాలకు మినహాయింపు కోరే వీలుంది. నేరం తీవ్రత, అది జరిగి గడిచిన కాలం, ప్రయాణ కారణం చూసి నిర్ణయిస్తారు. దాచినట్టు తేలితే మాత్రం ఆ అబద్ధమే మరో అనర్హత అవుతుంది, దానికి కాలపరిమితి లేదు. రాయకపోతే ఎవరికీ తెలియదని చెప్పే ఏజెంటుకు పైసా కూడా ఇవ్వకండి. ఆ డబ్బుతో అక్కడి ఇమిగ్రేషన్ న్యాయవాదిని సంప్రదించండి.

సందర్శక వీసా మీద పారితోషికం తీసుకుని వాయించడం, పాఠం చెప్పడం కుదరదు. సంప్రదాయ కళాకారులకు పీ-3 వీసా ఉంది, అది బోధనకూ వర్తిస్తుంది. కానీ పిటిషన్ అక్కడివారే వేయాలి, మొదట ఏడాదికి మించి ఇవ్వరు. ఆకాశవాణి గ్రేడు పత్రం, విశాఖ కళాభారతి ఆడిటోరియంలో చేసిన కచేరీల కరపత్రాలు, పత్రికా సమీక్షలు ఇక్కడే అక్కరకొస్తాయి. పిలిచే సంస్థకు మీ కేసు సంగతి పిటిషన్‌కు ముందే తెలియాలి.

పిల్లలకు సరళీ స్వరాలు మొదలుపెట్టే ముందు తల్లిదండ్రులకు కూడా మీరే చెప్పండి. కొందరు మానేస్తారు, అది వారి హక్కు. మరొకరి నోట విన్న తరువాత పిల్లవాణ్ణి మధ్యలో మాన్పించడం మాత్రం ఆ పిల్లవాడికే అన్యాయం. తొలి రోజుల్లో సొంత కచేరీల కోసం చూడకుండా, అరంగేట్రాలకు పక్కవాద్యం వాయించడానికి ఒప్పుకోండి.