చిట్టీ, ఆ 'చలి' మాటతో జాగ్రత్త

చిట్టీ,

నువ్వు నర్సు ఉద్యోగానికి ఫిన్లాండ్ వస్తున్నావని, ఫిన్నిష్ క్లాసుల్లో కూడా చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు, సగం సంతోషం, సగం గుబులు. మంచి కోటు కొనుక్కో, సర్టిఫికెట్ల కాపీలు దగ్గర పెట్టుకో, అవన్నీ నీకు తెలిసినవే. నా టెన్షనంతా ఒక్క మాట గురించి. క్యుల్మ్యా. చల్లని అని అర్థం. మన లిపిలో దాని పలుకు సరిగ్గా కుదరదు, టీచరు నోట విని పట్టుకో.

నేను ఇక్కడి ఓవులు ఊరికి వచ్చిన మొదటి చలికాలం, మెట్ల దగ్గర పక్కింటి పెద్దావిడ పలకరిస్తే, మనసులో ఇంగ్లీషు వాక్యం పెట్టుకుని "మిన్యా ఒలెన్ క్యుల్మ్యా" అనేశా. చలేస్తోందని చెప్పాననే నా ధీమా. ఆవిడ నా మొహంలోకి చూసి, చెయ్యి పట్టుకుని, నువ్వు అలాంటిదానివి కాదులే అంది. నేనన్నది 'నేను ప్రేమాభిమానాల్లేని మనిషిని' అని! "మినుల్ల ఒన్ క్యుల్మ్యా" అనాలట, నా దగ్గర చలి ఉంది అన్నట్టు. మన 'నాకు చలిగా ఉంది'కి ఎంత దగ్గరో చూడు, తెలుగులో ఆలోచించి ఉంటే పరువు దక్కేది. సిగ్గుతో రెండు నెలలు ఫిన్నిష్‌లో నోరు విప్పలేదు. నువ్వూ అలా మూగనోము పట్టావో, చెవి మెలేస్తా.

నువ్వుండేది వార్డులో కదా. పేషెంటుకి చలేస్తుంటే "పొతిలాల్ల ఒన్ క్యుల్మ్యా" అను. "పొతిలస్ ఒన్ క్యుల్మ్యా" అన్నావంటే మనిషి ఒళ్లే చల్లబడిపోయిందనుకుని పరిగెత్తుకొస్తారు తల్లీ.

ఇంకోటి. మనం 'చల్లని ఇంట్లో' అంటే ఆ 'లో' ఇంటికే తగులుతుంది. వాళ్లు విశేషణానికీ తగిలిస్తారు: "క్యుల్మ్యాస్స్యా తలొస్స", చల్లనిలో ఇంటిలో. ఒకచోట స్స్యా, ఒకచోట స్స ఏమిటంటావా, మాటలోని అచ్చులను బట్టి మారుతుంది, మనం తల్లికి, అక్కకు అన్నట్టే. క్యుల్మ్యా పాపం బుద్ధిమంతురాలు, 'లో' తగిలినా అసలు మాట మారదు. దాని ఎదురు మాట ల్యామ్మిన్, వెచ్చని, అదే దొంగది: వెచ్చని ఇంట్లో అనేసరికి "ల్యాంపిమ్యాస్స్యా తలొస్స" అయి కూర్చుంటుంది. పట్టికలు బట్టీ పట్టకు, పక్కన ఇల్లో గదో తగిలించి పైకి పలుకు. పోపు వేస్తూ నేను అలాగే గొణుక్కునేదాన్ని, మీ బాబాయి ఏం మంత్రమే అది అని నవ్వేవారు.

ఆ పెద్దావిడ ఆ రోజే తను అల్లిన ఉన్ని మేజోళ్లు నా చేతిలో పెట్టింది. మడమ దగ్గర రెండుసార్లు రఫూ చేశాను, ఇంకా తొడుక్కుంటున్నా. నీ పాదం కొలత పంపు, అల్లడం మొదలుపెడతా.

మీ పిన్ని