ఆదాముకి అప్పగించిన పని ఏలడం కాదు, కాయడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. పెళ్లి దగ్గర పడింది. పెళ్లికి ముందు కౌన్సెలింగ్‌లో "సృష్టిలోనే దేవుడు మగవాణ్ణి ఇంటికి యజమానిగా పెట్టాడు, ఆ బాధ్యత నువ్వు మోయాలి" అన్నారు. ఇంటికొచ్చి ఆదికాండం మొదటి మూడు అధ్యాయాలు చదివితే ఆ మాట మీకు ఎక్కడా దొరకలేదు. మరి ఆ కథలో పురుషుడికి ఇచ్చిన బాధ్యతలేమిటి అని అడుగుతున్నారు.

నేను పాస్టర్‌ని కాదు. హీబ్రూ కూడా రాదు, నిఘంటువు పక్కన పెట్టుకుని తడుముకుంటూ చదువుకునే రకం. పెళ్లయి 19 ఏళ్లయింది. మూడో అధ్యాయంలోని ఒక్క వచనం అర్థం కావడానికి మాత్రం మేము దాచుకున్న డబ్బంతా పోవాల్సి వచ్చింది. ఆ సంగతి కింద చెప్తాను.

మొదటి అధ్యాయంలో పురుషుడికి విడిగా ఇచ్చింది ఏమీ లేదు. 1:27లో స్త్రీనిగా, పురుషునిగా ఇద్దరినీ తన స్వరూపంలోనే చేశాడు. 1:28లో "వారిని" ఆశీర్వదించి ఫలించండి, భూమిని నిండించండి, ఏలండి అన్నాడు. అన్నీ బహువచనాలే. ఏలవలసినవాటి జాబితాలో చేపలు, పక్షులు, నేలమీద పాకే జీవులు ఉన్నాయి. భార్య లేదు. మీకు కనిపించకపోవడం మీ చూపు తప్పు కాదు.

అసలు విషయం రెండో అధ్యాయంలో ఉంది. అక్కడ మనిషిని నేలమట్టితో చేస్తాడు. ఆదామ్ అనే పేరుకీ, నేల అనే అర్థమిచ్చే అదామా అనే మాటకీ చెవికి వినిపించే పోలిక ఉంది. అంటే మట్టిమనిషి. ఆ మట్టిమనిషిని తీసుకెళ్లి తోటలో పెడతాడు, ఎందుకంటే "సేద్యపరచుటకును దాని కాచుటకును" (2:15). రెండే పనులు. సేద్యం, కాపలా.

సేద్యం గురించి ఒక్క మాట. పని అనేది శాపం అని నేను చాలాకాలం నమ్మాను. సోమవారం పొద్దున ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ వరస చూడండి, పని రెండో అధ్యాయంలో వచ్చింది, శాపం మూడో అధ్యాయంలో వచ్చింది. శాపం వల్ల వచ్చింది ముళ్లు, గచ్చపొదలు, ముఖపు చెమట. పని అంతకుముందే ఉంది, అదీ మంచి తోటలో. ఒకసారి ఉద్యోగం పోయి కొన్ని నెలలు ఇంట్లో ఖాళీగా కూర్చున్నప్పుడు ఈ తేడా నాకు బాగా తెలిసింది. డబ్బు ఇబ్బంది సరే, దానికంటే చేతిలో పని లేకపోవడమే ఎక్కువ కుంగదీసింది.

ఇక కాయడం. హీబ్రూలో ఆ మాట షామర్. కాపాడటం, కనిపెట్టుకుని ఉండటం, కావలి కాయడం అన్నీ అందులో ఉన్నాయి. సేద్యానికి వాడిన మాటకి సేవ చేయడం అనే అర్థం కూడా ఉంది. ఈ రెండు మాటలూ జంటగా సంఖ్యాకాండంలో మళ్లీ కనిపిస్తాయి. ప్రత్యక్ష గుడారం, అంటే ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన గుడారం దగ్గర, సేవకి ఏర్పరచబడిన లేవీ గోత్రంవాళ్లు చేయవలసిన పని గురించి చెప్పేచోట (3:7, 8). అందుకే ఆ తోటని ఒక పవిత్ర స్థలంలాగా, ఆదాముని అక్కడి సేవకుడిలాగా చదివే పండితులు ఉన్నారు. అంత దూరం వెళ్లకపోయినా ఒక ప్రశ్న మిగులుతుంది. పాపమే రాని తోటకి కాపలా దేనికి? మూడో అధ్యాయం మొదటి వచనంలో పాము వస్తుంది. జవాబు అదే అనుకుంటాను.

ఈ షామర్ అనే మాటే ఆదికాండంలో ఇంకో రెండుచోట్ల చూడండి. 3:24లో జీవవృక్షానికి పోయే దారిని కాయడానికి కెరూబులను, అంటే ఒక రకం దేవదూతలను పెడతాడు. మనిషి చేయని పని వాళ్లకి అప్పగించినట్టు. 4:9లో కయీను "నా తమ్మునికి నేను కావలివాడనా" అని ఎదురు ప్రశ్న వేస్తాడు. తండ్రి తోటని కాయలేదు, కొడుకు తమ్ముణ్ణి కాయలేదు.

ఇంకోటి, చెట్టు గురించిన ఆజ్ఞ. 2:17లో "తినకూడదు" అన్నప్పటికి స్త్రీ ఇంకా లేదు. విన్నది అతనొక్కడే. ఆమెకి ఎవరు చెప్పారో కథలో లేదు, అతనే చెప్పి ఉంటాడని నేను అనుకుంటున్నాను. పాముతో మాట్లాడేటప్పుడు ఆమె "ముట్టకూడదు" అని ఒక మాట కలుపుతుంది. దేవుడు అనని మాట అది. ఆమె కలిపిందా, అతను జాగ్రత్త కోసం కలిపి చెప్పాడా తెలియదు. నేను మా పిల్లలకి రూల్స్ చెప్పే పద్ధతి చూస్తే నాకు ఆదాము మీదే అనుమానం!

జంతువులకి పేర్లు పెట్టడం కూడా అతని పనే. ఆ పని చేస్తూ చేస్తూనే తనకి జోడు లేదన్న సంగతి బయటపడింది. అప్పుడొస్తుంది "సాటియైన సహాయము". మా సంఘంలో దీనిమీద విన్న ప్రసంగాలన్నిటిలో "సహాయము" దగ్గర గొంతు పెరిగేది, "సాటియైన" దగ్గర తగ్గేది. సహాయం అంటే చేతికింద మనిషి అని మనకో అలవాటు. కానీ ఆ హీబ్రూ మాట ఎజెర్ పాత నిబంధనలో ఎక్కువసార్లు దేవుడి గురించే వస్తుంది. "నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును" అనే 121వ కీర్తనలో ఉన్నది ఇదే. దేవుణ్ణి మన అసిస్టెంట్ అని ఎవరూ అనరు కదా.

ఇప్పుడు నా కథ.

పెళ్లయిన ఐదారేళ్లకి మాకు తెలిసినాయన ఒకరు పెట్టుబడి స్కీమ్ ఒకటి పట్టుకుని ఇంటికి వచ్చారు. రెండు గంటలు మాట్లాడారు. నా భార్య శ్రద్ధగా విన్నది, ప్రశ్నలు అడిగింది, చివరికి బాగుందనిపించి సరేనంది. నేను అదే సోఫాలో కూర్చుని ఉన్నాను. ఆ స్కీమ్‌లో డబ్బు ఇరుక్కున్న ఒకతను అంతకు రెండు వారాల ముందే నాకు ఆఫీసులో చెప్పాడు. ఆ విషయం ఆమెకి తెలియదు, నాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. వచ్చినాయన ముందు అనడం బాగుండదనిపించింది, తర్వాత ఆమె ఉత్సాహం మీద నీళ్లు చల్లడం ఎందుకనిపించింది. నిజం చెప్పాలంటే, లాభం వస్తే వస్తుందిలే అనే ఆశ కూడా నాకుంది. చెక్కు మీద సంతకం నాదే.

ఏడాది తిరక్కుండా అంతా పోయింది. ఆ రాత్రి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "సరే అన్నది నువ్వే కదా!"

ఆమె ఏమీ అనలేదు. కొన్ని రోజుల తర్వాత కుటుంబ ప్రార్థనలో వరస ప్రకారం ఆదికాండం 3 వచ్చింది. చదవాల్సిన వంతు నాది. 3:6 దగ్గర "తనతోపాటు తన భర్తకును ఇచ్చెను, అతడుకూడ తినెను" అని చదివి ఆగిపోయాను. తనతోపాటు. అంటే అతను అక్కడే ఉన్నాడు! పిల్లల బొమ్మల బైబిల్లో చెట్టు దగ్గర హవ్వ, పాము మాత్రమే ఉంటారు, ఆదాము ఎక్కడో దూరంగా ఉంటాడు. నా బుర్రలో ఆ బొమ్మే ఉండిపోయింది. తర్వాత చూస్తే జెరోము అనే పాతకాలపు పండితుడు చేసిన లాటిన్ బైబిలు అనువాదంలో కూడా ఆ "తనతోపాటు" అనే ముక్క లేదట. హీబ్రూలో ఉంది. పాము మాటల్లో ఉన్న "మీరు" కూడా హీబ్రూలో బహువచనమే. తెలుగులో చదివితే పాము ఆమెకి మర్యాద ఇస్తున్నట్టు వినిపిస్తుంది కానీ అది మర్యాద కాదు, ఇద్దరినీ కలిపి అంటున్న మాట.

ఆ సంభాషణ జరిగినంతసేపూ అతను నోరు మెదపలేదు. ఆజ్ఞని నేరుగా విన్నవాడు, తోటని కాయమని పెట్టినవాడు. ఆదాము మొదట్నుంచీ పక్కనే నిలబడి ఉన్నాడా, పండు ఇచ్చే సమయానికి వచ్చాడా అని వాదించేవాళ్లు ఉన్నారు, అది సరే. నాకు మాత్రం ఆ సోఫా గుర్తొచ్చింది.

తర్వాత దేవుడు వచ్చి ముందు అతన్నే పిలుస్తాడు, "నీవు ఎక్కడ ఉన్నావు" అని. ఇక్కడ ఏకవచనం. మొదట తిన్నది ఆమె, మొదట లెక్క అడిగింది అతన్ని. పౌలు కూడా రోమా 5లో పాపం లోకంలోకి ఒక మనుష్యుని ద్వారా వచ్చిందని ఆదాము పేరే పెడతాడు (1 తిమోతి 2లో మోసపోయింది స్త్రీ అని కూడా ఆయనే రాశాడు, అది వేరే పెద్ద చర్చ). ఆదాము జవాబు మీకు తెలిసిందే. "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే..." ఒక్క వాక్యంలో భార్య మీద, ఇచ్చినందుకు దేవుడి మీద కూడా తోసేశాడు. నేను దేవుడి జోలికి పోలేదు, అంతే తేడా.

"అతడు నిన్ను ఏలును" అనే మాట ఉంది కదా అని మీకు ఎవరైనా చూపిస్తే, అది ఎక్కడుందో చూడమనండి. 3:16లో, తప్పు జరిగాక, నొప్పి గురించిన మాటల మధ్య. ముళ్లలాగా అదీ చెడిపోయిన స్థితిలో భాగమని నేను చదువుతాను. ముళ్లు వచ్చాయి కదా అని ఎవరూ వాటిని నీళ్లు పోసి పెంచరు. అలాగే 3:17లో "నీ భార్యమాట విని" అన్నాడు కాబట్టి భార్య మాట వినకూడదని తేల్చేవాళ్లకి 21:12 చూపించండి. అక్కడ శారా చెప్పింది వినమని అబ్రాహాముతో దేవుడే అంటాడు. తప్పు వినడంలో లేదు, వద్దని తెలిసీ తినడంలో ఉంది.

నా చదువుతో ఒప్పుకోనివాళ్లు చాలామంది ఉన్నారని కూడా చెప్పాలి. అమెరికాలో 1987లో కొందరు క్రైస్తవ నాయకులు, పండితులు రూపొందించిన డాన్వర్స్ ప్రకటన, ఆదాము శిరస్సత్వం (భార్యకి తలగా ఉండటం) పతనానికి, అంటే పాపంలో పడటానికి ముందే దేవుడు పెట్టిందని అంటుంది. ముందుగా సృష్టించబడటం, ఆజ్ఞ ముందు తనకే రావడం, లెక్క తననే అడగడం, ఈ వాదన చేసేవాళ్లు చూపించే ఆధారాలు. మీ కౌన్సెలర్ చెప్పింది ఆ ధోరణిలోదే. బలం లేని వాదన కాదు. కానీ వాళ్ల లెక్కలో చూసినా ఆ ముందుండటం అధికారంగా కాకుండా ముందు జవాబు చెప్పాల్సిన స్థానంగానే కథలో కనిపిస్తుంది. ఎఫెసీ 5లో భర్తలకి చెప్పింది కూడా ప్రేమించమని, క్రీస్తులాగా తన్ను తాను అప్పగించుకోమని. ఏలమని లేదు.

పోయిన డబ్బు సంగతికొస్తే, అది తిరిగి రాలేదు. ఆఫీసులో ముందే విన్నానన్న విషయం నా భార్యకి చెప్పడానికి నాకు ఇంకో నెల పట్టింది. చెప్పిన రోజు ఆమెకి డబ్బు పోయినప్పటికంటే ఎక్కువ కోపం వచ్చింది. న్యాయమే.

చివరగా, రేపట్నుంచే మీకు పనికొచ్చే బాధ్యత ఒకటుంది. 2:24. "పురుషుడు తన తండ్రిని తన తల్లిని విడిచి తన భార్యను హత్తుకొనును." విడిచేది అతను. హత్తుకునేది అతను. ఆ హత్తుకొనడానికి వాడిన హీబ్రూ క్రియే అత్త నయోమిని వదలని రూతు విషయంలోనూ వస్తుంది (రూతు 1:14). విడిచిపెట్టడం అంటే అమ్మానాన్నల్ని గాలికి వదిలేయడం అని కాదు, తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞ అలాగే ఉంది. అమ్మకీ భార్యకీ మాట వచ్చినప్పుడు "నేను న్యూట్రల్" అని పక్క గదిలోకి పోవడం మాత్రం కుదరదు. అదీ సోఫాలో కూర్చోవడం లాంటిదే. నేను ఆ పనీ కొన్నేళ్లు చేశాను.

ఆ వచనం మా అమ్మ ముందు గట్టిగా చదవాలంటే నాకు చాలా టెన్షన్‌గా ఉండేది. ఒకరోజు ధైర్యం చేసి చదివాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని, "ఇది నాకు తెలుసులేరా, మీ నాన్నకి నేనే చదివి వినిపించాను" అంది.