కోడీన్ మాత్రలు ఇవ్వనన్న షాపు: రికార్డు చూడటం, సరిచేయించడం

ఒక షాపులో మీ అమ్మగారి కోసం కోడీన్ (నల్లమందు జాతికి చెందిన నొప్పి మందు) మాత్రలు కొన్నారు, తర్వాత రెండో షాపు మీకు ఇవ్వనంది అనుకుందాం. అమ్మగారి కోసం కొన్న ప్యాకెట్ కూడా మీ పేరు మీదే ఎక్కి ఉంటుంది. కోడీన్ కలిసిన నొప్పి మాత్రల అమ్మకాలను షాపులన్నీ ఒకే రికార్డులో రాసే చోట, గుర్తింపు కార్డు ఎవరిదైతే వాళ్లే వాడినట్టు లెక్క. రెండో షాపులో "ఈమధ్యే కొన్నారు కదా" అన్నది అందుకే.

1. ఫార్మసిస్టుతో పక్కకు వెళ్లి మాట్లాడండి. కౌంటర్ దగ్గర అందరూ వినేలా మీ జబ్బు సంగతి చెప్పనక్కర్లేదు.

2. మీ పేరు మీదున్న నమోదుల కాపీ రాతపూర్వకంగా అడగండి: తేదీ, మందు, ఎన్ని మాత్రలు, ఎవరెవరు చూడగలరు, ఎన్నాళ్లు ఉంచుతారు.

3. చాలామంది ఇక్కడే పొరబడతారు. షాపు పాయింట్ల కార్డుకు మీరిచ్చిన ఫోన్ నంబరుతో ఇంకో రికార్డు ఉంటుంది. అమ్మకాల రికార్డు మందుల భద్రత కోసం, పాయింట్ల రికార్డు వ్యాపారం కోసం. పాయింట్ల ఖాతా మూసేసినా అమ్మకాల నమోదు అలాగే ఉంటుంది. కాబట్టి రెండింటికీ వేర్వేరు అర్జీలు పెట్టాలి. మీ కొనుగోళ్లతో ప్రకటనలు పంపకుండా ఆపించేది వ్యాపార రికార్డు మీద పెట్టే అర్జీయే.

4. భద్రత రికార్డును చెరిపేయమనకండి, సరిచేయమనండి. చట్టప్రకారం ఉంచాల్సిన నమోదును షాపు తీసేయడానికి వీల్లేదు. "ఈ ప్యాకెట్ వేరొకరి కోసం" అని వివరణ చేర్చమని అడగండి.

ఈలోగా మూడో షాపుకి వెళ్లకండి, అనుమానం ఇంకా పెరుగుతుంది.

మాత్రలు మీకే మూడు రోజులకు మించి అవసరమవుతుంటే డాక్టర్‌ని కలవండి. కోడీన్ అలవాటవుతుంది. చాలా మాత్రల్లో దానితో కలిపి ఉండే పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.