సూదులు గుచ్చించుకుంటే ఇమ్యూనిటీ పెరుగుతుందా? నా తుమ్ముల సంగతి

"ఆక్యుపంక్చర్ వల్ల ఇమ్యూనిటీ పెరుగుతుందా, చేయించుకున్నవాళ్ళు చెప్పండి" అని అడిగారు. నేను చేయించుకున్నాను, పన్నెండు సార్లు. పెరిగిందా అంటే, నాకు పెరగకూడదండీ. నా బాధంతా అది అక్కర్లేని చోట ఎక్కువ కావడం వల్లే.

బొబ్బిలి దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. కోతలై ధాన్యం లోడ్లు దిగడం మొదలైందంటే గాలి నిండా తవుడు దుమ్ము, ఊక. నాకు తుమ్ములు. ఒకటీ రెండూ కాదు, కూర్చున్న చోట ఇరవై దాకా వస్తాయి. దాంతో మా ఇంట్లో ఎవరూ వేళకి గుమ్మం దాటిన పాపాన పోలేదు. నేను తుమ్మగానే మా అమ్మ వెనక్కొచ్చి మంచినీళ్ళు తాగి కూర్చునేది. లేవబోయేసరికి ఇంకోటి. రెండు తుమ్మితే పర్లేదంటారు, పదిహేడు తుమ్మితే ఏమవుతుందో ఏ పంచాంగంలోనూ లేదు.

చివరికి మా మేనకోడలి నిశ్చయతాంబూలాల నాడు, సరిగ్గా పళ్ళెం చేతులు మారే వేళకి తుమ్మాను. మగపెళ్ళివారి పెద్దాయన పళ్ళెం కింద పెట్టేశారు. ఆ సాయంత్రం మా చెల్లెలి భర్త నన్ను పక్కకి పిలిచి, "ఏటి బావా ఇది! విజయనగరంలో సూదులాయన ఉన్నాడు, ఎల్లి సూపించుకో. లేపోతే పెళ్ళి నాడు మండపం బయటే ఉండిపో" అన్నాడు. సరదాకి అన్నట్టు లేదు.

సూదులాయన గది గంటస్తంభం వెనక సందులో. గోడకి డాక్టర్ కోట్నీస్ ఫొటో. ఆ ఫొటో ఎందుకంటే, 1938లో, జపాన్‌తో యుద్ధం జరుగుతుంటే వైద్యం చెయ్యడానికి మన దేశం నుంచి కోట్నీస్‌తో పాటు చైనా వెళ్ళిన డాక్టర్లలో బి.కె. బసు ఒకరు. తర్వాత ఆయనే అక్కడ ఈ విద్య నేర్చుకుని 1959లో కలకత్తాకి తెచ్చారు. ఈ కథ సూదులాయన ప్రతి పేషెంటుకీ చెబుతాడు. నాకు మూడుసార్లు చెప్పాడు.

సూదులు వెంట్రుకలంత సన్నం. సీల్ ఉన్న ప్యాకెట్ నా ముందే చింపాడు. ముక్కుకి రెండు పక్కలా ఒక్కోటి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి, మోకాలి చిప్పకి నాలుగు వేళ్ళ కింద, ఎముక పక్కన ఒకటి. ఆ కాలి పాయింటు పేరు జుసాన్‌లి. అక్కడ గుచ్చితే అలిసిపోయినవాడు కూడా ఇంకో మూడు లీలు నడుస్తాడట. లీ అంటే చైనావాళ్ళ కొలత, అర కిలోమీటరు. నేను పడుకుని ఉంటే నడకెందుకో! గుచ్చినప్పుడు నొప్పి లేదు కానీ, సూదిని కొంచెం తిప్పేసరికి కాలు పాదం దాకా బరువెక్కి జుమ్మంది.

"ఇరవై నిమిషాలు కదలొద్దు బాబూ" అని ఫ్యాన్ వేసి వెళ్ళిపోయాడు. ఫ్యాన్ రెక్కల మీద ఏడాది దుమ్ము. మీకు అర్థమైపోయి ఉంటుంది. రెండో నిమిషానికి లోపల మొదలైంది. ముక్కు నలుపుకుందామంటే దాని పక్కనే సూదులు, చెయ్యి ఎత్తుదామంటే చేతిలోనూ సూది. బిగబట్టాను. కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారాయి. ఆపలేక తుమ్మాను. కుడి పక్క సూది ఊడి దిండు మీద పడింది, కాలి సూది ఊగుతూ ఉంది. ఆయన పరిగెత్తుకొచ్చి, "ఆపకూడదు, వచ్చిందంటే పనిచేస్తున్నట్టే" అన్నాడు. రాకపోయి ఉంటే కూడా పనిచేస్తున్నట్టే అనేవాడు, నాకు తెలుసు.

ఆ తర్వాత వారానికి రెండు సిట్టింగులు. మూడో వారం నుంచి తుమ్ములు సగానికి సగం తగ్గాయి, రోజూ వేసుకునే ఎలర్జీ మాత్ర సెట్రిజిన్ వారానికి రెండు మూడుకి వచ్చింది. ఇది నాకొక్కడికే జరిగిన వింత కాదు. జర్మనీలో పుప్పొడి ఎలర్జీ ఉన్న 422 మంది మీద పరీక్ష చేసి 2013లో ఫలితాలు వేశారు. వాళ్ళకీ పన్నెండు సిట్టింగులే. ఉత్తుత్తి సూదులు గుచ్చినవాళ్ళ కంటే అసలు సూదుల వాళ్ళు ఎనిమిది వారాలకి కాస్త మెరుగ్గా ఉన్నారు, మాత్రలూ తక్కువ వాడారు. పదహారు వారాలయ్యేసరికి ఆ తేడా పోయింది. నాకూ అంతే, ఉగాది దాటాక మళ్ళీ మొదలు.

కాలి పాయింటు మీద ఎలుకలతో కూడా పని చేశారు. హార్వర్డ్ వాళ్ళ పరిశోధన 2021లో వచ్చింది. వెనక కాలిలో అదే చోట సూది పెట్టి సన్నగా కరెంటు ఇస్తే, ఆ కబురు నరాల గుండా మెదడుకి పోయి, మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నరం ద్వారా కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథికి చేరి, ఒంట్లో వాపు తగ్గించింది. అదే కరెంటు పొట్ట మీద ఇస్తే ఆ పని జరగలేదు. చూడండి, అక్కడ జరిగింది ఇమ్యూనిటీని పెంచడం కాదు, అది చేసే గొడవని తగ్గించడం. ఎలర్జీ కూడా అంతే కదా, ఒంటి కాపలాదారు తవుడు రేణువుని చూసి దొంగ అనుకుని కేకలు పెట్టడం. వాణ్ణి ఊరుకోబెట్టాలి గాని ఇంకా రెచ్చగొడితే ఎలా?

ఈ "ఇమ్యూనిటీ పెంచడం" అనే మాట వింటేనే నాకు మండుతుంది. కరోనా వచ్చినప్పటి నుంచి టీ పొడి మీద అదే, బిస్కెట్ మీద అదే. మా వదినకి కీళ్ళవాతం, రుమటాయిడ్. వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్ర, ఇమ్యూనిటీ జోరు తగ్గించేది. ఎవరో తెలిసినాయన, "సూదులతో ఇమ్యూనిటీ పెంచేద్దాం, ఆ మాత్రలు పారెయ్యండి" అన్నాడు. ఆ జబ్బే ఒంట్లోని ఇమ్యూనిటీ తిరగబడి సొంత కీళ్ళని తినడం. దాన్ని ఇంకా పెంచుతాడట! రెండు నెలలు మానేసింది. వేళ్ళు వాచి, బిందె ఎత్తడం మాట అటుంచి, పిల్లకి జడ వెయ్యలేకపోయింది. మళ్ళీ విశాఖ పరిగెత్తాం. సూదులు గుచ్చించుకోండి, కాదనను. మాత్ర మాత్రం డాక్టరు ఆపమంటేనే ఆపండి.

నన్నడిగితే సగం మందు ఆ ఇరవై నిమిషాలే. ఫోను లేదు, ఓనరు కేకలు లేవు, లెక్కలు లేవు. పదిహేనేళ్ళలో పగటిపూట నేను ఊరికే పడుకున్నది అక్కడే. సూదులాయనతో అంటే ఒప్పుకోలేదు.

అన్నట్టు, మాఘంలో పెళ్ళి బాగానే జరిగింది. నన్ను మండపంలోకి రానిచ్చారు. జీలకర్ర బెల్లం వేళకి ముక్కు దురద పెట్టింది. సరిగ్గా అప్పుడే సన్నాయి వాళ్ళు గట్టిమేళం ఎత్తుకున్నారు. తుమ్మానో లేదో మా చెల్లెలి భర్తకి ఇప్పటికీ తెలీదు.